చోటు మారిన గుండె

"ఊపిరి బిగబట్టు. ఇంకా. ఇంకా. ఊఁ, వదులు. నీ గుండె ఏదయ్యా?"

చొక్కా విప్పి ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకున్న క్రేన్ డ్రైవరు బిక్కచచ్చిపోయాడు. "ఉండాలి సార్. ఇందాక మెట్లెక్కేటప్పుడు కూడా కొట్టుకుంది."

గుండె డాక్టరు నవ్వలేదు. చేతిలోని ప్రోబుకి ఇంకాస్త చల్లటి జెల్లీ పూసి, డ్రైవరు ఎడమ రొమ్మంతా వెతికాడు. ఎకో మిషను తెర మీద బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. తిప్పి పట్టుకున్నానేమోనని ప్రోబు మీది గుర్తు చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. మిషను ఆపి మళ్ళీ వేశాడు. మసక మసకలాగే ఉంది.

డ్రైవరు మెడ చాచి తెర వైపు చూశాడు. గుండె బాగుందన్న కాగితం సాయంత్రంలోగా ఫ్యాక్టరీలో ఇవ్వాలి. లేకపోతే రేపట్నుంచి క్రేన్ ఎక్కనివ్వరు. గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెడతారు, సగం జీతానికి. పైన కూర్చుని టన్నులెత్తేవాడికి నలభై అయిదు దాటాక ఏటా ఈ తద్దినం తప్పదు. కింద కూర్చుని ఆర్డర్లేసేవాళ్ళకి మాత్రం గుండె ఉందో లేదో ఎవరూ చూడరు.

చివరికి డాక్టరు విసుగ్గా ప్రోబుని కుడివైపు ఆనించాడు. తెర మీద గుండె ప్రత్యక్షమైంది. నాలుగు గదులూ, మధ్యలో టపటపా కొట్టుకునే కవాటాలూ, అన్నీ.

"కుడి పక్కకి తిరుగు."

తిరిగాడు. డాక్టరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. గుండె అయ్యాక పొట్ట మీద కూడా పెట్టి చూశాడు. "లివరు ఎడమవైపు ఉంది. నీ లోపల సామానంతా అద్దంలో చూస్తూ సర్దినట్టున్నారయ్యా."

"బతుకుతానా సార్?"

"ఇన్నాళ్ళూ ఏం చేశావు మరి? ఇది పుట్టుకతో వచ్చింది. వేలల్లో ఒకరికి ఉంటుంది. ఎటువైపుంటే ఏం, గుండె గుండ్రాయిలా ఉంది."

డ్రైవరు ఒంట్లోకి ప్రాణం వచ్చింది. జెల్లీ తుడుచుకోకుండానే చొక్కా అందుకోబోయాడు.

"ఎక్కడికి? పడుకో."

డాక్టరు ఫైలు తెరిచాడు. అందులో ఆరు పాత రిపోర్టులున్నాయి. ఒక్కోటీ తిప్పుతూ పోయాడు. ఆయన గొంతు మారింది. "పోయినేడు నీ గుండె ఎడమవైపుంది. అంతకుముందేడూ ఎడమవైపే. ఆరేళ్ళూ ఎడమవైపే. గుండేమన్నా అద్దెకున్నవాడా, ఓనరుతో పడక పక్కింట్లోకి మారడానికి? ఎవడివిరా నువ్వు?"

"నేనే సార్. ఇదిగో కార్డు. ఫోటో చూడండి."

డాక్టరు ఫోటో చూశాడు, మొహం చూశాడు. "మొహం నీదే. గుండె నీది కాదు. రోజుకి నలభై మంది పడుకుంటారు ఈ బల్ల మీద. మొహాలు గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదు. నాకు తెలిసింది గుండెలే. కార్డులు ఎవడైనా చేయించుకుంటాడు. ఉండు, మీ ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తాను."

గేటు దగ్గర స్టూలు కూడా పోయేలా ఉంది. "మా ఆవిడ బయటుంది సార్. ఆమెనడగండి," అన్నాడు డ్రైవరు ఏడుపు గొంతుతో.

ఆవిడ వచ్చింది. బల్ల మీది మనిషిని చూసింది, ఫోన్ పట్టుకున్న డాక్టర్ని చూసింది.

"ఈయన ఎవరమ్మా?"

"నా ఖర్మ. పాతికేళ్ళయింది."

"నిజం చెప్పాలి."

"అబద్ధమైతే నాకే బాగుండును డాక్టరుగారూ. ఆ వీపు మీద కాలిన మచ్చ నా చేతి పెనం దెబ్బే. చూసుకోండి."

డాక్టరు చూశాడు. మచ్చ ఉంది. "మరి పాతికేళ్ళలో గుండె కుడివైపు కొట్టుకుంటోందని నీకు తెలీలేదా?"

"ఆ గురకలో గుండె చప్పుడెక్కడ వినపడుతుందండీ? అసలుందని తెలిసిందే ఇవాళ."

"అలాగైతే ఈ రిపోర్టులేమిటి? ఆరింటికి ఆరూ ఎడమవైపని చెబుతున్నాయి."

ఆవిడ కాసేపు ఆ కాగితాల వంక చూసింది. "నాకు చదువు రాదు. అయినా అడుగుతాను. మనిషి ఈయనే అయితే, తప్పు ఆ కాగితాలదే కదా. కింద సంతకం ఎవరిదండీ?"

డాక్టరు ఫోన్ బల్ల మీద పెట్టేశాడు.

ఆయన రిపోర్టులు ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిప్పాడు. చెమట పట్టిన కళ్ళజోడు తీసి తుడిచాడు. మనలాంటివాడు తప్పు చేస్తే మోసం అంటారు. పెద్దవాడు చేస్తే దాన్ని పని ఒత్తిడి అంటారు.

"పని ఒత్తిడిలో ఒక్కోసారి, అలవాటు కొద్దీ ఎడమ అని పడిపోతుంది," అన్నాడు డాక్టరు. "లేవయ్యా. లేవండి. జెల్లీ తుడుచుకోండి, ఇదిగో గుడ్డ."

కాగితం అయిదు నిమిషాల్లో తయారైంది. గుండె కుడివైపు ఉందనీ, దివ్యంగా ఉందనీ, క్రేన్ కాదు కొండెక్కినా ఢోకా లేదనీ రాసిచ్చాడు. పాత రిపోర్టులు ఆరూ తన సొరుగులో వేసి తాళం తిప్పాడు. "వీటితో మీకేం పని. విషయం ఎక్కడా అనకండి. ఫీజు కూడా వద్దులే."

"అనం సార్," అన్నాడు డ్రైవరు. "నాకెందుకు సార్ ఆ గొడవ."

మొగుడూ పెళ్ళాం రెండంతస్తులు దిగారు. వీధిలోకొచ్చాక డ్రైవరు కాగితాన్ని జేబులో పెట్టుకుని, పైనుంచి చేత్తో ఒత్తి, గట్టిగా ఊపిరి వదిలాడు.

"నాది ఇంత మంచి గుండె అని కలలో కూడా అనుకోలేదే."

"తెలిసిందిగా. వచ్చే ఏడన్నా మీరే వచ్చి పడుకోండి," అంది ఆవిడ. "ఆరేళ్ళు మీ పేరు చెప్పి ఆ బల్లెక్కిన మా తమ్ముడు ఈసారి రానన్నాడు కాబట్టి సరిపోయింది."