నాలుగు వేళ్ల మడత

"బాబాయ్, ఆ మడత కత్తిరించేయండి. నా మాట వినండి," అంది పంతులమ్మ, మిషన్ తొక్కడం ఆపకుండానే.

పక్క బల్ల దగ్గర డ్రైవరు బాబాయ్ కళ్లద్దాలు పైకి తోసుకుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. టీవీ వాళ్ల కుట్టు పోటీలో ఆఖరికి మిగిలింది వీళ్లిద్దరే. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. ఆయన రిటైరయ్యేదాకా బస్సు నడిపాడు. కుట్టుపని ఇద్దరూ సరదాకి పట్టుకున్నదే. చివరి రోజు కుట్టాల్సింది ఇంట్లో ఉన్న చిన్నపిల్లకి గౌను. ఆమె అక్క కూతురికి కుడుతోంది, ఆయన మనవరాలికి. ఉన్నది ఒకటే కప్పు. ఓడినవాళ్లకి చప్పట్లు.

"ఎదిగే పిల్ల కదమ్మా. కింద నాలుగు వేళ్లయినా వదలకపోతే ఎలా?" అన్నాడాయన.

"ఎదిగితే ఇంకోటి కుడుదురుగాని. గుడ్డ చూడండి, ఉల్లిపొరలా ఉంది. ఈ లైట్ల కింద మడతంతా ముదురు పట్టీలా కొట్టొచ్చినట్టు కనబడుతోంది."

ఆయన చెవిన పెట్టలేదు. పక్క కుట్లలో కూడా వేలెడు గుడ్డ లోపలికి దాచేసి, ఏమీ ఎరగనట్టు మిషన్ కిందికి తోశాడు.

పంతులమ్మ పైకి సలహా ఇస్తోందే గానీ, ఈయన వినకపోతేనే బాగుండునని లోపల కోరుకుంటోంది. అలా కోరుకుంటున్నందుకు సిగ్గుగానూ ఉంది. ఆమె కుట్టిన కాలరు ఒక పక్కకి లాగేసింది. విప్పి కుడితే ఇంకో పక్కకి లాగింది. గెలుస్తానన్న ఆశ పొద్దుటే పోయింది. స్టాఫ్ రూములో గొప్పలు చెప్పుకుని వచ్చింది కాబట్టి, ఉత్త చేతులతో వెళితే ఇక అక్కడ తలెత్తుకోలేదు.

ఇంతలో జడ్జిగారు బాబాయ్ బల్ల దగ్గరికి వచ్చింది, వెనకే కెమెరా. ఆవిడ నోరు కరుకు. మెచ్చుకున్నా తిట్టినట్టే ఉంటుంది.

"పాపకి ఎన్నేళ్లు?"

"ఎనిమిది నిండాయండి."

"ఎనిమిదా! ఈ నడుము ఐదేళ్ల పిల్లదిలా ఉంది. టేపు సరిగ్గా పట్టారా?"

"నిన్ననే పట్టానండి, నా చేత్తోనే. కాస్త సన్నం మా పిల్ల. తిండి దగ్గర పేచీ."

ఆవిడ గౌనును అటూ ఇటూ తిప్పింది. "ఎడమ చేతికి మాత్రం భుజం దాకా గుండీలేంటి? కుడిచేతికి లేవే?"

"అవి విప్పితే చెయ్యంతా తెరుచుకుంటుందండి."

"అది కనబడుతూనే ఉంది. ఇలాంటిది పిల్లల బట్టల్లో నేనెప్పుడూ చూడలేదు. బాగుంది, రేపు అందరూ కాపీ కొడతారు."

కెమెరా ఆ గుండీల మీద చాలాసేపు ఆగింది. పంతులమ్మ గుండెల్లో రాయి పడింది.

ఆవిడ అంచు తిరగేసింది. "అయ్యో, ఇదేంటి తాతగారూ? ఇంత గుడ్డ లోపలికి మడిచారు! గౌను జారే తీరే చెడిపోయింది. టైముంది, తీసేయండి. ఈ ఒక్కటీ పోతే కప్పు ఎవరిదో నేను చెప్పక్కర్లేదు."

డ్రైవరు బాబాయ్ కత్తెర అందుకున్నాడు. మడత అంచుకి ఆనించాడు. పంతులమ్మ మిషన్ తొక్కడం ఆపేసింది. ఆయన కత్తెరను బల్లకి ఆ చివర, తనకి అందనంత దూరంలో పెట్టేశాడు.

"వద్దులెండి. వచ్చే ఏడాదికి పొట్టయిపోతుంది."

"మీ ఖర్మ," అని జడ్జిగారు వెళ్లిపోయింది.

"మీకేమైనా పిచ్చా బాబాయ్? కప్పు కావాలని మీరేగా అన్నారు?"

"కావాలమ్మా. తెస్తానని మనవరాలికి మాటిచ్చాను. మంచం పక్క బల్ల మీద సీసాలన్నీ తీయించి, దానికి చోటు కూడా చేసి పెట్టుకుంది."

"మరింకేం?"

"కప్పు కోసం ఇది కోసేస్తే..." ఆయన ఇస్త్రీపెట్టె అందుకుని, మడత మీద మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు.

అనుకున్నట్టే అయింది. మంచి గౌనును పాతకాలం పొదుపు చెడగొట్టిందని జడ్జిగారు కెమెరా ముందే అనేసింది. వంకర కాలరుతోనే పంతులమ్మ గెలిచింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది డ్రైవరు బాబాయే. కప్పు అందుకుంది గానీ, ఆమెకి సంతోషం రాలేదు. ఇంకొకరి మొండితనం పుణ్యాన దక్కిన కప్పు అది.

బయట వరండాలో బల్ల మీద ఆయన భార్య కూర్చుని ఉంది. ఆయన బండి తేవడానికి వెళ్లాడు. గౌను ఆవిడ ఒళ్లో ఉంది. పంతులమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. బాబాయ్‌గారు ఎంత చెప్పినా ససేమిరా అన్నారు. ఆ మడత తీసేసుంటే ఈ కప్పు మీ ఇంటికొచ్చేది."

"చూశానమ్మా. ముందు వరసలోనే కూర్చున్నా."

"పాప అలుగుతుందేమో."

"అలగదులే. గౌను చూస్తే మురిసిపోతుంది."

పంతులమ్మ మనసు కాస్త తేలికపడింది. నవ్వుతూ అంది, "అయితే వచ్చే ఏడాది పోటీకి పాపని కూడా తీసుకురండి. ఆ మడత విప్పి, ఇదే గౌను తొడిగి తీసుకురండి. ఎవరి మాట నెగ్గిందో జడ్జిగారికి చూపిద్దాం."

ఆవిడ అంచు తిరగేసి, మడత మీద వేళ్లు ఆనించి చూసుకుంది. సరిగ్గా నాలుగు వేళ్లు. మళ్లీ అంచు జాగ్రత్తగా సర్ది, గౌనును ఒళ్లో పెట్టుకుంది.

"ఈ నెల దాటదన్నారమ్మా డాక్టర్లు."