తాత చివరి శ్రుతి

"బిరడా తిప్పొద్దు బాబాయ్!" అని అరిచాను.

తాతని కొండమీద పూడ్చిపెట్టి అప్పుడే ఇంటికొచ్చాం. డోయల్ బాబాయ్ తాత బాంజోని ఒళ్లో పెట్టుకుని, తీగ బిగించే బిరడా మీద చెయ్యేశాడు.

"నీకూ నోరుందే పిల్లా! శ్రుతి చేసుకోవద్దా?"

"తాత ఒక్కో పాటకి ఒక్కో శ్రుతి పెట్టేవాడు. అది ఆయన ఆఖరుగా వాయించిన పాటది."

బాబాయ్ ఒక్కో తీగా మీటాడు. మళ్లీ మీటాడు.

"ఇది నాన్న పాట కాదే."

"మరెవరిది?"

"నాది. పాటలు అమ్ముకోడానికి నాష్‌విల్ వెళ్లాక కట్టాను. 'నా బాణీలు దొంగిలించి అమ్ముకుంటున్నావురా' అని నాన్న తిట్టేవాడు. నా పాట ఒక్కటీ విననేలేదు."

నానమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"విన్నాడురా. ఇంకా వేళ్లు తిరగట్లేదు, బాగా వచ్చాక వాడికి వినిపిస్తానన్నాడు."

బాబాయ్ ఆ పాట ఎత్తుకోబోయి, తీగల మీద అరచెయ్యి అదిమేశాడు.