మూడో సైకిలు

కనకదుర్గ వంట ముగించుకుని అపార్టుమెంటు బయటికొచ్చేసరికి, ఆమె సైకిలు పక్కన రోజూ కాలువ గట్టు మీద కూర్చునే ముసలాయన నిలబడి ఉన్నాడు.

ఆయన చేతిలో ఆమె సైకిలు గొలుసు ఉంది. తాళం తెరిచి ఉంది.

"ఏమయ్యా! నా సైకిలు మీద చెయ్యేంటి?"

"నువ్వొచ్చేదాకా ఆగానమ్మా, చూపిద్దామని. నాలుగంకెల తాళం కదా. వెయ్యిన్నూట పదహారు తిప్పాను, ఊడొచ్చింది."

కనకదుర్గ గొలుసు లాక్కుంది. ఆ నెంబరు మొగుడికి కూడా చెప్పలేదు.

"శుభమని మనవాళ్ళంతా అదే పెడతారు తల్లీ. పెళ్ళి చదివింపుల నెంబరు తాళానికి పెడితే ఎలా?"

ఆమె వినే స్థితిలో లేదు. ఏడాదిలో రెండు సైకిళ్ళు పోగొట్టుకున్న మనిషి. రెండూ ఇక్కడే, ఏలూరు కాలువ గట్టు మీద, ఈ ఇనప కమ్మి దగ్గరే పోయాయి. అపార్టుమెంటు లోపల కార్లకే చోటు, పనివాళ్ళ సైకిళ్ళు బయటే.

సింగ్ నగర్ నుంచి తెల్లారి ఐదున్నరకల్లా రావాలంటే ఆమెకి సైకిలే దిక్కు. రెండోది పోయినప్పుడు నడిచొచ్చి ఆలస్యమై, ఐదిళ్ళ వంటలో ఒక ఇల్లు చేజారింది. ఇదీ పోతే మిగతా నాలుగూ పోతాయి. ఈ మూడోదాన్ని మాత్రం ఎవడికీ వదిలేది లేదని ఒట్టు పెట్టుకుంది.

పైగా, రెండోది పోయిన వారానికే ఈ ముసలాయన గట్టు మీద చేరాడు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పనీ పాటా లేకుండా కూర్చుని సైకిళ్ళ వంకే చూస్తుంటాడు. ఆమెకి అప్పటినుంచే అనుమానం.

"అయితే ఏ తాళం వెయ్యాలో కూడా నువ్వే చెప్పు!" అంది వెటకారంగా.

ఆయన నిజంగానే చెప్పాడు.

"నెంబరుది వద్దమ్మా. ఈ సన్న గొలుసు కటింగ్ ప్లేయరుతో తెగిపోద్ది. తాళంచెవి ఉండే యూ లాకు తీసుకో, లావు కడ్డీది. వెనక చక్రం, ఫ్రేము, ఈ కమ్మి, మూడూ కలిపి వెయ్యి. ఒట్టి ముందు చక్రానికి వేస్తే నీకు ఆ చక్రమే మిగులుద్ది. తాళాన్ని నేలకి ఆననివ్వకు, రాయి పెట్టి కొడతారు."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

ఆయన తల దించుకున్నాడు.

దొరికాడనుకుంది కనకదుర్గ.

"సంజీవరావు గారూ! ఇటు రండి, దొంగ దొరికాడు!"

వాచ్‌మన్ సంజీవరావు కర్ర పట్టుకుని వచ్చాడు.

"నేనూ చూస్తున్నానమ్మా. నాలుగు నెలల్నుంచి ఇక్కణ్ణుంచి కదలడు" అన్నాడు.

"రేపట్నుంచి ఈ గట్టు మీద కనిపించావో, పోలీసులకి పట్టిస్తా" అంది కనకదుర్గ.

పోలీసులనగానే ఆయన ముఖం పాలిపోయింది.

"ఇక్కడ కూర్చోనివ్వమ్మా, చాలు. నేనేమీ ముట్టుకోను."

"లే, నడు!"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, సైకిళ్ళన్నిటినీ ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి రాలేదు.

పీడ విరగడైందనుకుంది. అయినా ఆయన చెప్పిన తాళమే కొంది. తాళాల సంగతి దొంగకి కాక ఎవరికి తెలుస్తుంది?

గవర్నరుపేట షాపులో రంగురంగుల గొలుసులు చూపించారు. "అవేవీ వద్దండీ, లావు కడ్డీదే ఇవ్వండి" అని పట్టుబట్టింది. రోజూ చక్రం, ఫ్రేము, కమ్మి కలిపి తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసుకుని గానీ మెట్లెక్కేది కాదు.

నెల తిరిగింది.

ఒకరోజు పదింటికి కిందికి వస్తే గట్టు మీద జనం. రెండు సైకిళ్ళు పోయాయి. తెగిన గొలుసులు నేల మీద పడున్నాయి. ఆమె సైకిలు మాత్రం ఉంది. తాళం మీద రంపం గాట్లు పడ్డాయి గానీ తెగలేదు.

కనకదుర్గ ఆ తాళాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది. గెలిచానన్న ఏడుపది.

మర్నాడు సంజీవరావు ఎదురొచ్చాడు.

"దొంగ దొరికాడమ్మా. మొన్న మన గేటుకి కొత్తగా పెట్టిన కెమెరాలో పడ్డాడు."

"ఆ ముసలాయనేనా?"

"కాదు. పాతికేళ్ళవాడు."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. దొంగ కాని మనిషిని దొంగ అంది. ఆయన చెప్పిన తాళంతోనే నాలుగిళ్ళ పని నిలబెట్టుకుంది. కాళ్ళు పట్టుకునైనా సరే, ఆయన్ని తీసుకొచ్చి మళ్ళీ అదే గట్టు మీద కూర్చోబెట్టాలనుకుంది.

కాలువ అవతలి సందుల్లోంచి వచ్చేవాడని మాత్రమే తెలుసు. ఆనవాళ్ళు చెబుతూ ఇంటింటా అడిగింది. పదో గుమ్మంలో చెప్పారు, ఆయన పేరు కొండలయ్య అని, చివరి రేకుల ఇల్లని.

ఆ ఇంట్లో ఆయన భార్య సన్యాసమ్మ ఒక్కతే ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"కొండలయ్య గారు లేరాండీ?"

"పోలీస్ స్టేషన్ దగ్గరున్నాడమ్మా, నిన్నట్నుంచి."

"అయ్యో! ఆయన దొంగ కాదండీ. ఎవరు పట్టించారు? పదండి, నేనొచ్చి చెబుతాను!"

సన్యాసమ్మ తల అడ్డంగా ఊపింది.

"పట్టుకుంది ఆయన్ని కాదమ్మా, మా అబ్బాయిని. ఆ గట్టు మీద సైకిళ్ళు ఎత్తేది వాడేనని తెలిసి కొట్టాం, తిట్టాం, వినలేదు. నాన్న కళ్ళెదుట మాత్రం వాడు చెయ్యి పెట్టలేడని, ఆయన కూలి మానుకుని నాలుగు నెలలు అక్కడే కూర్చున్నాడు. వాడూ దారిలో పడుతున్నాడు. ఇంతలో ఎవరో మహాతల్లి ఆయన్నే దొంగ అని తరిమేసిందంట."