ఉధ్నాలో ‘గోడ దూకిన బ్యాచ్’

“‘అయిదుకు ఒకటి. అదీ టికెట్టు చింపిన మనిషి మీద జాలితో ఇస్తున్నాం’” అని సదానందం ఫోనులో చూస్తూ గట్టిగా చదివాడు. “‘ఈ మాటలు రాసినవాడు తాగి రాశాడో, రాసి తాగాడో తెలియదు. ఇంట్లో ఆడవాళ్లు ఉన్నవాడు మాత్రం కాడు.’ ఇన్నవా అవ్వా?”

తల్లి కనకవ్వ బెండకాయలు కోయడం ఆపింది. “ఎవలన్నరు గట్ల?”

“హైదరాబాద్ పేపరోళ్లు. అందరు గిట్లనే రాసిన్రు.”

“మల్లొక్కసారి సదువు.”

మళ్లీ చదివాడు. కనకవ్వ ముఖం ముడుచుకుంది. సదానందానికి కావలసింది అదే.

‘గోడ దూకిన బ్యాచ్’ ఇంటర్ చదివే కుర్రాళ్ల సినిమా. మగపిల్లల హాస్టల్‌కూ ఆడపిల్లల హాస్టల్‌కూ నడుమ ఒక గోడ, దాన్ని దూకే నలుగురు వెధవలు, ప్రతి మాటకూ రెండర్థాలు. పేపర్లు దుమ్మెత్తిపోశాయి. జనం మాత్రం కరీంనగర్ నుంచి వరంగల్ దాకా హాళ్లు నింపేశారు. తీసిన ప్రణయ్ సూరత్‌లో, ఈ ఉధ్నా గల్లీలోనే పుట్టినవాడు. తల్లి కర్ఖానాకు పోతే పక్కింటి కనకవ్వ దగ్గర అన్నం తిని పెరిగాడు. ఇప్పుడు తన సినిమాను ఇక్కడి తెలుగువాళ్లకు చూపిస్తానని ఆదివారం పొద్దుటాటకు హాలు మాట్లాడాడు. జనానికి నచ్చితే ప్రతి ఆదివారమూ వేస్తారట.

మొదటి ఆటతోనే దాన్ని ఆపించాలని సదానందం పట్టుదల. అతను నేతకారుల సంఘం కార్యదర్శి. అయినా తను చెబితే పడుచువాళ్లు నవ్విపోతారు. కనకవ్వ చెబితే ఎవరూ నోరెత్తరు. సాంచెల, అదే మరమగ్గాల, చప్పుడులో నూలు కండెలు చుట్టి నలుగురు పిల్లలను పెంచిన మనిషి. గల్లీలో ఏ తగాదా వచ్చినా ఆమె మాటే చివరి మాట.

“నువ్వచ్చి చూడాలె అవ్వా. ఆట అయినంక మైకు పట్టుకొని, గిసొంటిది మనకద్దు అని ఒక్క మాట చెప్తె చాలు.”

“నేను రాను కొడుకా. తల్సుకుంటెనే గుండె దడదడమంటుంది.”

“నీ పక్కనే కూసుంట గద. నువ్వు చెప్పకుంటె మన పోరగాండ్లు చెడిపోతరు.”

కనకవ్వ మిగిలిన బెండకాయలన్నీ కోసింది. “సరే. వస్త” అంది చివరికి.

ఆదివారం పొద్దున ఆమె ఏమీ తినలేదు.

హాలు కిక్కిరిసిపోయింది. సెలవు రోజు కావడంతో సాంచెల మీద పనిచేసే మగవాళ్లూ, కండెలు చుట్టే ఆడవాళ్లూ అంతా వచ్చారు. సినిమా మొదలైంది. మొదట్లో ఎవరూ నవ్వలేదు. ఎవరో ఆవలించారు. కనకవ్వ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“లేచి పోదామా కొడుకా?”

“జర ఓపిక పట్టు అవ్వా.”

ఇంతలో తెర మీద, చీర కట్టుకుని గోడ దూకిన ఒక కుర్రాడిని వార్డెనమ్మ కొత్త ఆయా అనుకుంది. గదిలోకి పిలిచి, తలుపు గడియ పెట్టి, నడుముకు నూనె రాయమంది. నూనె ఎక్కడ రాయాలో, ఎంత రాయాలో వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మాటలకు హాలు బద్దలైపోయింది. గల్లీలో అందరినీ నవ్వించే శివకృష్ణ కుర్చీ ఎక్కి ఈల వేశాడు. సదానందం సిగ్గుతో తల వంచుకున్నాడు.

కాసేపటికి తల్లి వైపు చూశాడు. ఆమె తెరను చూడడం లేదు. పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుంది. కళ్ల నిండా నీళ్లు. ఎందుకు తీసుకొచ్చానా అని తనను తానే తిట్టుకున్నాడు.

విశ్రాంతిలో చాయ్ తెచ్చి ఇచ్చాడు.

“ముంగటి వరుసల ఆడోళ్లు గూడ నవ్విన్రా?” అని అడిగింది కనకవ్వ.

“వాళ్లే ఎక్కువ నవ్విన్రు. సిగ్గు శరం లేదు.”

“మన గల్లీ ఐలమ్మ?”

“పక్కలు పట్టుకొని నవ్వింది.”

“మొగడు పోయిన కాన్నుంచి ఐలమ్మ నవ్వంగ నువ్వు చూసినవా?”

“నవ్వాల్నంటె గిట్లనా అవ్వా?”

కనకవ్వ చాయ్ మొత్తం తాగింది.

ఆట ముగిసేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కాగితాలు చింపి గాలిలోకి విసిరారు. ప్రణయ్ తెర ముందుకు వచ్చి దండం పెడుతుంటే, సదానందం తల్లి చెయ్యి పట్టుకుని వేదిక పైకి తీసుకెళ్లాడు. మైకు అందుకున్నాడు. హాలు సద్దుమణిగింది.

“మీరందరు నవ్వుతుంటె మా అవ్వ ఏడ్సింది! ప్రణయ్, నీకు అన్నం పెట్టిన మనిషిరా ఈమె. గా బూతుమాటలు నువ్వే రాసినవా?”

“నేను కాదన్నా.”

“మరెవలు? సినిమల పేరు గూడ ఎయ్యలే.”

ప్రణయ్ తల దించుకున్నాడు. “చెప్పనని మాటిచ్చిన.”

“శివకృష్ణగాడేనా?”

“నాకు గంత తెలివుంటె సాంచెల మీద ఎందుకుంట అన్నా!” అని వెనక నుంచి శివకృష్ణ అరిచాడు. జనం గొల్లుమన్నారు.

సదానందం గొంతు పెంచాడు. “ఎవడైనా సరే! ఈ మాటలు రాసినోడు ఈడికి రావాలె. అందరి ముంగట మా అవ్వ కాళ్ల మీద పడాలె. అప్పటిదాంక ఉధ్నాల రెండో ఆట లేదు!”

నవ్వులు ఆగిపోయాయి. ముందు వరుసలోంచి ఐలమ్మ లేచింది. “ఆపకు కనకవ్వా! నీకు దండం పెడత. వచ్చే ఆదివారం నా కోడండ్లను తోల్కొస్త!”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు చప్పట్లు అందుకున్నారు. కనకవ్వ వాళ్లందరినీ తీరిగ్గా చూసింది. కొంగు సవరించుకుని, కొడుకు చేతిలోంచి మైకు తీసుకుంది. ఆ రోజు మొదటిసారి నవ్వింది.

“నా కాళ్ల మీద నేనెట్ల పడాలె, కొడుకా?”