బెల్లం కొట్టిన రాయి

"నువ్వా? నువ్వేంటి ఇక్కడ?" తలుపు తోసుకుని వచ్చిన ఆదర్శ్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేనే. ఈడనే నౌకరి చేస్తున్న. నువ్వు ఆడ ఊడగొట్టినంక ఏడనో ఒక కాడ బతకాలె కద," అంది రజిత, కుర్చీలోంచి లేవకుండానే.

మాదాపూర్‌లో ఓ అద్దాల భవనం ఆరో అంతస్తు అది. పైనా కిందా సాఫ్ట్‌వేర్ కంపెనీలు, నడుమ ఈ సిమ్యులేటర్ సెంటర్. గది మధ్యలో చిన్న విమానం ముందు భాగం ఒకటి బిగించి ఉంటుంది. అది నేల విడిచి లేవదు గానీ, లోపల కూర్చుంటే అచ్చం అసలు విమానమే. పైలట్లకు పరీక్షలు అందులోనే పెడతారు.

ఇవాళ పరీక్ష ఆదర్శ్‌కి. మొన్న వేసవిలో ఓ బుల్లి విమానాన్ని చక్రాలు దించకుండానే రన్‌వే మీద దించేశాడు మహానుభావుడు! అది పొట్టతో దేక్కుంటూ పోయింది. ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో, ప్రాణాలు దక్కాయి. విచారణలో మాత్రం, "వెనక సీట్లో ఉన్న ట్రైనీ రజిత దిగేటప్పుడు చెవిలో వాగుతూనే ఉంది సార్. అందుకే చక్రాలు మరిచిపోయాను," అనేశాడు. సాక్షులా? ఉన్నది వాళ్ళిద్దరే. గచ్చిబౌలిలో సగం అపార్టుమెంట్లు కట్టిన వాళ్ళ నాన్న పేరు ముందు ఈ పిల్ల మాట ఎవరు వింటారు? రజిత శిక్షణ రద్దయింది. ఆదర్శ్‌కి మాత్రం, ఒక్క ల్యాండింగ్ సరిగ్గా చేసి చూపిస్తే చాలు, మళ్ళీ ఎగరొచ్చన్నారు.

రజిత లేచి అతని దగ్గరికొచ్చింది.

"నేను వాగిన్నని చెప్పినవు కద? ఇయ్యాల నిజంగనే వాగుత. నువ్వు దిగేటప్పుడు, నీ చెవులల్ల. ఎట్ల దింపుతవో సూస్త."

ఆదర్శ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏదో అనబోయాడు గానీ, అంతలో కెప్టెన్ లక్ష్మీనారాయణ వచ్చాడు. పరీక్ష పెట్టేది ఆయనే. ఆనాటి విచారణలో కూర్చున్నదీ ఆయనే.

"రజితా, వెనక కూర్చుని మిషన్ నడపడం వరకే నీ పని. లోపల నోరు విప్పావంటే ఈ ఉద్యోగం కూడా ఉండదు. ఆనాడు వాగావన్నదీ నిజమేననుకుంటాను," అన్నాడాయన. తర్వాత ఆదర్శ్ వైపు తిరిగి, "బాబూ, విమానం నేల తాకేదాకా నేను పలకను. నీ తంటాలు నువ్వు పడు," అని అతని చేతికో హెడ్‌సెట్ ఇచ్చి, తనదొకటి చెవులకు తగిలించుకుంటూ అద్దం అవతలి గదిలోకి వెళ్ళిపోయాడు.

సీట్లు తుడుస్తున్న నాగేశ్వరి రజిత చెవి దగ్గరకు వంగింది. "నీ నోట్ల మన్ను గొట్టింది గీ పిలగాడేనా బిడ్డా?"

"గీడే అక్కా. ఇయ్యాల ఇడ్సిపెట్ట. నౌకరి పోతే పోనీ."

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ కొట్టు, కాదనను. గని చెప్పు ఆడనే ఇడ్సి ఒట్టికాళ్ళతోని ఇంటికి రాకు తల్లీ!"

రజిత వినిపించుకోలేదు. వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది.

విమానం తెర మీద ఓ చుట్టు తిరిగి రన్‌వేకి ఎదురుగా వచ్చింది. నేల పైకి లేచి వస్తోంది. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న తిట్లన్నీ రజిత నాలుక చివరికి వచ్చేశాయి. ఉద్యోగం పోయినా సరే, వీడి ఉసురు తీయాల్సిందే. ముందుకు వంగి నోరు తెరిచింది.

"ఇంకా మొదలెట్టలేదేం?" అన్నాడు ఆదర్శ్ ఉన్నట్టుండి.

రజిత మాట నోట్లోనే ఆగిపోయింది.

"వాగుతానన్నావుగా, వాగు! నేనేం బెదరను."

తను పలకకపోతేనే వీడు ఎక్కువ బెదురుతున్నాడని తెలిసి, ఆమె పెదవులు బిగపట్టింది. చున్నీ కొస పిడికిట్లో నలిగిపోతోంది.

"సరిగ్గా నేల తాకేముందు అరుద్దామనా? నీ ఎత్తులు నాకు తెలీవనుకున్నావా?"

అతని చేతులు ముందున్నాయి గానీ, చెవులు రెండూ వెనక సీటు మీదే ఉన్నాయి. అప్పుడే కాక్‌పిట్‌లో బీప్ బీప్‌మంటూ మోత మొదలైంది. చక్రాలు ఇంకా దించలేదని విమానమే మొత్తుకుంటోంది.

"ఓహో! ఇప్పుడు బటన్లు నొక్కి మోత పెడుతున్నావా? ఆపు ముందు!"

రజిత రెండు చేతులూ పైకెత్తి చూపించింది. అది చూసేసరికి అతనికి ఇంకా మండిపోయింది.

"ఏదో ఒకటి మాట్లాడి చావవేం! ఆ రోజూ ఇంతే, నేను ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ వెనకాల బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు..."

ధడేల్మంది! సీట్లు అదిరిపోయాయి. తెరంతా ఎర్రబడింది. చక్రాలు విమానం కడుపులోనే ఉన్నాయి.

ఆదర్శ్ చెమటలు కక్కుతూ వెనక్కి తిరిగాడు. "నీవల్లే! మళ్ళీ నీవల్లే! ఇవాళ కూడా చెవిలో వాగావని కెప్టెన్‌తో చెప్తా, చూడు!"

రజిత అప్పటికీ పలకలేదు. అతని చెవులకున్న హెడ్‌సెట్ వైపు వేలు చూపించిందంతే.

"చెప్పు బాబూ, వింటూనే ఉన్నాను," అంది అందులోంచి కెప్టెన్ గొంతు. "ఆ రోజు ఫోన్లో మాట్లాడిందెవరో, అదీ ఇంకోసారి చెప్పు."