హేమలత మబ్బు

"దొరికింది, హేమా!" కంప్యూటర్ ముందు కూర్చున్న కోటేష్ కేకేశాడు.

హేమలత చాయ్ గ్లాసుతో వచ్చి భర్త భుజం మీదుగా చూసింది. దుమ్ముగూడెం అడవి అంచున తీసిన ఫొటోలన్నిటినీ ఒకదానిపై ఒకటి పేరిస్తే ఆండ్రోమెడా గెలాక్సీ తేలింది. దాని పక్కనే గుండ్రంగా ఒక నల్లటి మచ్చ.

"చుక్కల నడుమ ఉండే చీకటి మబ్బు. ఏ మ్యాపుల లేదు. హైదరాబాద్ టెలిస్కోపోళ్ల గ్రూపుల పెడుతున్న. విమానాన్ని తోకచుక్క అన్ననని నవ్వినోళ్లంత ఇప్పుడు నోళ్లు తెరుస్తరు. పేరు గూడ రాసిన, హేమలత మబ్బు!"

"గంత నల్లదానికి నా పేరా?" అంటూనే ఆమె మురిసిపోయింది. మచ్చను మళ్లీ చూసింది. "తెల్లారంగ టెలిస్కోపు మూతికి తెల్లబట్ట కట్టి వేరే ఫొటోలు తీస్తవ్ గదా, అద్దం మీది మరకలు ఫొటోల పడితే వాటితోని తీసేయనీకి. ఈసారి తీసినవా?"

"నిద్రొచ్చింది. ఆకాశం గింత సాఫ్‌గ ఉంటే అవెందుకు?"

ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందే?"

"దసరా నాడు బండికి, మిక్సీకి బొట్టు పెట్టిన. నీ టెలిస్కోపుకు గూడ పెట్టిన. కెమెరా లోపలి అద్దానికైతే చిన్నగనే పెట్టిన, పెద్దగ పెడితే తిడ్తవని."

కోటేష్ గబగబా కెమెరా విప్పాడు. అద్దం మీద ఆవగింజంత కుంకుమ.

గ్రూపులో పెట్టబోయిన ఫొటోను ఆపేశాడు. దాని మీది పేరు చెరిపేద్దామని హేమలత చెయ్యి చాపింది.

అతను ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనియ్. మబ్బు కాకపోతే ఏంది? పేరైతే కరెక్టే పెట్టిన."