పిండి తొడ ఎముక

ఎముకలు చదివే యంత్రం ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉంది. ఎక్కడ విరిగిందో చెప్పి ఊరుకోదు, ఎలా విరిగిందో కూడా పైకి చదువుతుంది. హైమ తన తెల్లపిల్లి పిండిని దానిమీద పడుకోబెట్టింది.

"బాల్కనీలోంచి దూకేసిందండి," అన్నాడు ఆమె భర్త ఫణీంద్ర, పశువుల డాక్టరుతో.

"తొడ ఎముక విరిగింది," అంది యంత్రం. "పడడం వల్ల కాదు. పక్కనుంచి బూటుకాలితో తన్నిన దెబ్బ. ఇదే ఎముక ఆరునెలల కిందట కూడా విరిగింది. వైద్యం లేక వంకరగా అతుక్కుంది."

డాక్టరు కత్తెర వెతుక్కునే నెపంతో అటు తిరిగింది.

హైమ పిల్లి తల నిమురుతూనే ఉంది.

"ఆరునెలల కిందట నేను ట్రైనింగుకెళ్లినప్పుడు ఇది మూల వదిలి కదలట్లేదని ఫోన్ చేశారు. నామీద బెంగ పెట్టుకుందన్నారు," అంది భర్తతో. "ఆఫీసులో అందరికీ మురిసిపోతూ చెప్పుకున్నానండీ."